2⁶⁷ − 1 మీద పని మొదలుపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కారణాంకాలు కనుక్కోవడానికి నువ్వు 2⁶⁷ − 1 ఎంచుకున్నావు. విలువ 147573952589676412927, మొత్తం 21 అంకెలు. దీన్ని స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం పెట్టకు. 15 అంకెలు దాటాక మిగతావన్నీ సున్నాలైపోతాయి, నువ్వు వేరే సంఖ్య మీద రోజులు పోగొట్టుకుంటావు. చేత్తో రాసుకున్నా అంకెలు కూడి చూసుకో: 109 రావాలి.

ఒక సంఖ్య సంయుక్తమని, అంటే ప్రధానం కాదని, తేల్చడం వేరు, దాని కారణాంకాలు పట్టుకోవడం వేరు. గణితవేత్త మెర్సెన్ 1644లో ఈ 2⁶⁷ − 1ను తన ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. 1876లో లూకా అనే గణితవేత్త అది తప్పని నిరూపించాడు, కానీ ఒక్క కారణాంకమూ ఆయన చేతికి చిక్కలేదు. అవి 1903లో కోల్ అనే గణితవేత్త చూపించాడు.

తేల్చడానికి చాలామంది ఫెర్మా పరీక్షను 2తో చేస్తారు: సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి 2ను పెంచి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూస్తారు. ఇక్కడ అది పనికిరాదు. 2⁶⁷ను మన సంఖ్యతో భాగిస్తే శేషం 1. మన సంఖ్యలోంచి 1 తీసేస్తే మిగిలేది 67తో నిశ్శేషంగా పోతుంది. కాబట్టి పరీక్ష ఎప్పుడూ ‘ప్రధానం కావచ్చు’ అనే చెబుతుంది. 2047 కూడా ఇలాగే మోసం చేస్తుంది, నిజానికి అది 23 × 89. లూకా-లేమర్ పరీక్ష వాడు: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో. ఇలా 65 సార్లు. చివర సున్నా రాకపోతే సంయుక్తమే. నీ ప్రోగ్రామ్‌ను ముందు 127 మీద, అంటే 2⁷ − 1 మీద, 5 సార్లు నడిపి చూడు: 4, 14, 67, 42, 111, 0 రావాలి.

ఇక వెతుకులాట. దొరికిన ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించుకుంటూ పోవద్దు. ఈ సంఖ్య కారణాంకం ఏదైనా 134క + 1 రూపంలోనే ఉంటుంది, పైగా 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. అంటే ‘క’ను 4తో భాగిస్తే శేషం 0 లేదా 1. సగం అక్కడే రాలిపోతాయి. మిగిలినవాటిలో ఒక్కొక్కదాన్నీ తీసుకుని, దాంతో 2⁶⁷కు శేషం కట్టు: 2ను వరసగా నాలుగుసార్లు వర్గం చేస్తే 2¹⁶, మళ్లీ వర్గం చేసి రెట్టిస్తే 2³³, ఇంకోసారి వర్గం చేసి రెట్టిస్తే 2⁶⁷. ప్రతి మెట్టులో శేషాన్నే ముందుకు తీసుకెళ్లు. చివర 1 వస్తే కారణాంకం దొరికినట్టే. ఆ 1 ‘క’ = 14,45,580 దగ్గర వస్తుంది: 193707721.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. ఈ శేషాల వర్గాలు 17 అంకెల దాకా పోతాయి. దశాంశ సంఖ్యల రకంలో లెక్కిస్తే 2⁵³ దాటాక చివరి అంకెలు చెదిరిపోయి, అసలు కారణాంకాన్నే దాటిపోతావు. 64 బిట్ల పూర్ణాంకాలు వాడు.

భాగిస్తే మిగిలేది 761838257287. కింది నుంచి ఒక్కటీ వదలకుండా వచ్చావా? అయితే ఇది ప్రధానమా అని వేరేగా పరీక్షించనక్కరలేదు. దీని వర్గమూలం 8,73,000 లోపే, ఆ హద్దును ఎప్పుడో దాటేశావు. మధ్యలోంచి దూకి ఉంటే మాత్రం ఆ ధీమా చెల్లదు.

అప్పుడు గుణాలు రాసుకో. భాజకాలు నాలుగు. రెండు కారణాంకాల మొత్తం 762031965008. దీన్ని 2⁶⁷కు కలిపితే భాజకాల మొత్తం, 2⁶⁷లోంచి తీసేస్తే ఆయిలర్ ఫై (మన సంఖ్య కన్నా చిన్నవై, దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలెన్నో చెప్పేది) విలువ: 147573951827644447920. చాలామంది 2⁶⁷ బదులు మన సంఖ్యలోంచే తీసేసి, ఒకటి తక్కువ రాస్తారు. అలాంటప్పుడు చివర 9 వస్తుంది. ఫై ఇక్కడ బేసి కాలేదు, కాబట్టి ఆ తప్పు చూడగానే తెలిసిపోతుంది.