జీన్ రిపోర్టులో షుగర్ రిస్క్ అని వచ్చింది... లివర్, మెదడు కూడా పాడవుతాయా?

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 36 ఏళ్లు. నాన్నకు షుగర్ ఉంది. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించి లాలాజలం పంపితే, టీసీఎఫ్7ఎల్2 అనే జీన్‌లో ‘సీటీ’ ఉందని, షుగర్ రిస్క్ ఎక్కువని రిపోర్టు ఇచ్చారు. కణాల వారీగా జీన్లను చూపించే ఒక డేటాబేస్‌లో ఆ పేరు కొడితే క్లోమంతో పాటు లివర్, పేగులు, మెదడు కణాల్లోనూ చుక్కలు కనిపించాయి. అవన్నీ పాడవుతాయా? ‘సింగిల్ సెల్’ పరీక్ష తిరుపతిలో చేస్తారా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ చుక్కల సంగతి చూద్దాం. ఆ రకం కణాల్లో ఎంత శాతం కణాల్లో జీన్ పనిచేస్తోందో చుక్క సైజు చెబుతుంది. సగటున ఎంత జోరుగా పనిచేస్తోందో రంగు చెబుతుంది. అంతకు మించి ఏమీ లేదు. టీసీఎఫ్7ఎల్2 అందరి ఒంట్లోనూ, చాలా అవయవాల్లో పనిచేసే జీనే. ఎనభై దాటినా షుగర్ ఎరగని మీ పక్కింటి తాతకూ అది అక్కడే ఉంటుంది. పైగా మీరు చూసినవి మీ కణాలు కావు. పరిశోధన కోసం దాతలు ఇచ్చినవి. క్లోమం లాంటి వాటినైతే ఎక్కువగా మరణానంతరం అవయవదానం చేసినవారి నుంచే తీసుకుంటారు.

కణాలను ఇంత కష్టపడి విడదీయడం దేనికంటారా? ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఐలెట్స్ అనే చిన్న గుంపుల్లో ఉంటాయి. మొత్తం క్లోమంలో అవి 1–2 శాతమే. ఇదివరకు ముక్కంతా నూరి కొలిచేవారు. పుల్లగూరను పప్పుగుత్తితో ఎనిపేశాక ఏ ఆకు ఎంత పడిందో ఎవరు చెప్పగలరు? ఇప్పుడు ‘సింగిల్ సెల్’ పద్ధతిలో ఒక్కో కణాన్నీ విడిగా చదివి, ఆ లెక్కను లక్షల మంది జన్యు సమాచారంతో కలిపి చూస్తున్నారు. మీ రిపోర్టులోని తేడా ప్రోటీన్‌ను నిర్దేశించే భాగంలో లేదు, మధ్యలో వచ్చే ఇంట్రాన్‌లో ఉంది. అలాంటి తేడా ఏ కణంలో ప్రభావం చూపుతుందో తేల్చడానికి ఈ డేటాబేస్‌లు పరిశోధకులకు బాగా పనికొస్తాయి. ఈ తేడా ఉన్నవారిలో ప్రధానంగా కనిపించేది బీటా కణాల పనితీరు తగ్గడం. లివర్, మెదడు పాడవుతాయన్న భయం వద్దు.

ఇక రిస్క్ ఎంత? ప్రతి జీన్‌కూ మనలో రెండు కాపీలుంటాయి. ‘సీటీ’ అంటే వాటిలో రిస్క్ రకం (‘టీ’) ఒక్క కాపీ ఉన్నట్టు. 2006లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు ఈ జీన్‌ను గుర్తించినప్పుడు, ఒక కాపీ ఉన్నవారికి రిస్క్ 1.45 రెట్లు, రెండు ఉంటే 2.41 రెట్లు అని తేల్చారు. ఆ ఒక్క కాపీ అక్కడ 38 శాతం మందికి ఉంది! మనవాళ్లలోనూ ఈ సంబంధం ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2007లో చూపించారు. కాబట్టి రిపోర్టు అబద్ధం కాదు. కాకపోతే నాన్నగారికి షుగర్ ఉందన్న మాటతోనే మీకు రిస్క్ ఉందని కిట్ లేకుండా నేనూ చెప్పేవాణ్ని. షుగర్ అంచున ఉన్నవారిపై అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనంలో తిండి, వ్యాయామం మార్చుకున్నవారికి షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. రెండు కాపీలున్నవారికీ ఆ లాభం అందింది.

సింగిల్ సెల్ పరీక్ష కోసం వెతక్కండి. తిరుపతిలోనే కాదు, షుగర్ నిర్ధారణకు దాన్ని ఎక్కడా వాడరు. బీటా కణాలు చూడాలంటే క్లోమం ముక్క కోయాలి, ఆ పని ఏ డాక్టరూ చేయడు. చిత్తూరులోనే ఏదైనా ల్యాబ్‌లో పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి. హెచ్‌బీఏ1సీ 5.7 శాతం లోపుంటే ఏడాదికోసారి చూసుకుంటే చాలు. 5.7–6.4 అయితే షుగర్ అంచున ఉన్నట్టు, 6.5 లేదా అంతకు మించితే షుగరే. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటిందేమో కూడా చూసుకోండి. సంగటి కదా అని రెండు ముద్దలు లాగించకండి, రాగుల్లోనూ ఎక్కువ పిండిపదార్థమే.

జీన్ టెస్టు నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది. నాన్నగారికి పాతికేళ్ల లోపే, సన్నగా ఉండగానే షుగర్ వచ్చిందా? తాతగారికీ అంతేనా? అలాగైతే అది ఒకే జీన్ వల్ల వచ్చే ‘మోడీ’ రకం కావచ్చు. అందులో కొందరికి ఇన్సులిన్ బదులు చవకైన మాత్రలే సరిపోతాయి. దానికి వేరే పరీక్ష ఉంటుంది, లాలాజలం కిట్‌ను నమ్ముకోలేం. తిరుపతి స్విమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. నాన్నగారికి షుగర్ బయటపడిన నాటి పాత చీటీలు పట్టుకెళ్లి అక్కడ చూపించండి.

– ఎండోక్రైనాలజిస్ట్, తిరుపతి