బడి మాన్పించే ముందు పాపను అడిగారా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఊరు. పద్నాలుగేళ్లుగా అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉంటూ ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేస్తున్నాను. మావారు ఇక్కడివారే, క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబంలో పుట్టి పెరిగారు. మాకు తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. నాలుగో తరగతిలో చేరినప్పటి నుంచి పాప బడి అంటే ఏడుస్తోంది. పొద్దున్నే కడుపునొప్పి అంటుంది, బస్సు వెళ్లిపోయాక తగ్గిపోతుంది. డాక్టరు పరీక్షలు చేసి జబ్బేమీ లేదన్నారు. వచ్చే ఏడాది నుంచి, క్వేకర్లు ఆదివారం మౌనంగా కూర్చుని ప్రార్థించే మీటింగుకు వచ్చే మరో రెండు కుటుంబాలతో కలిసి పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెబుదామని, కొన్ని పాఠాలు ఆన్‌లైన్‌లో పెట్టుకుందామని మావారు అంటున్నారు. అలా చేస్తే నేను ఉద్యోగం మానుకోవాలి. మా దగ్గరికి వచ్చిన అమ్మ, ‘బడి మాన్పించి నోరు మూసుకుని కూర్చోబెడితే చదువొస్తుందా’ అంటోంది. హెడ్మాస్టరుగా రిటైరైన నాన్న ఈ మాట విన్నప్పటి నుంచి ఫోనులో సరిగా మాట్లాడటం లేదు. పాపకు మాత్రం ఆదివారం ఆ మౌన ప్రార్థన ఎంతో ఇష్టం. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీవారి అభిప్రాయం, మీ అమ్మగారి మాట, నాన్నగారి అలక అన్నీ అందులో ఉన్నాయి కానీ, బడిలో ఏం జరుగుతోందో పాప చెప్పిన మాట ఒక్కటి కూడా లేదు. మీరు అడగలేదని అనను; అడిగినా చెప్పలేదేమో. అయితే బస్సు వెళ్లిపోగానే తగ్గిపోయే కడుపునొప్పిని నటన అనుకోకండి. ఆ వయసు పిల్లలకు భయం చాలాసార్లు పొట్టలోనే మొదలవుతుంది, ఆ నొప్పి నిజమైన నొప్పే. తోటి పిల్లలు ఏడిపిస్తున్నారా, ఏ టీచరైనా నలుగురిలో చిన్నబుచ్చారా, పుస్తకం పైకి చదవమన్నప్పుడు అక్షరాలు తడబడుతున్నాయా అన్నది తేలకుండా బడి మాన్పిస్తే, ఆ కష్టం పాపతోపాటే ఇంటికి వస్తుంది. చదవడంలో ఇబ్బంది ఉందని ఏమాత్రం అనుమానం కలిగినా, పరీక్షించమని బడికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ప్రభుత్వ బడిలో ఆ పరీక్షకు మీరు డబ్బు కట్టనక్కరలేదు. ఈ పని బడిలో పేరు ఉండగానే మొదలుపెట్టడం మంచిది.

ఇక మీవారి ఆలోచన సంగతి. మీ అమ్మగారికి అది వింతగా తోస్తున్నది గనుక, ఆమెకు మీరు చెప్పడానికి వీలుగా నాలుగు మాటలు రాస్తాను. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధలతో మొదలైన క్వేకర్లు తమను ‘ఫ్రెండ్స్’ అని పిలుచుకుంటారు. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉన్నదని, దాన్ని వినడానికి మధ్యవర్తి అక్కరలేదని వారి నమ్మకం. మీవారి మీటింగులో అందరూ మౌనంగా కూర్చుని, లోపలి నుంచి మాట వచ్చినవారే లేచి మాట్లాడేది అందుకే. మనలో మౌనవ్రతం పట్టేవారిని మీ అమ్మగారు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. ఆ దారిన చెబితే ఈ మౌనం ఆమెకు అంత పరాయిగా అనిపించదు. బడి గోలలో నలిగిపోతున్న పాపకు వారానికోసారి దొరికే ఆ నిశ్శబ్దం ఎందుకంత ఇష్టమో కూడా ఆలోచించండి. తనకేం కావాలో ఆ పిల్ల ఒక విధంగా మీకు చెబుతూనే ఉంది.

అయితే మీవారికి కూడా ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇంటి చదువు క్వేకర్ ధర్మం కోరే విషయమేమీ కాదు. చరిత్ర చూస్తే వారు ఎక్కడికి వెళ్లినా ముందుగా బడులు కట్టినవారు. 1681లో క్వేకర్ అయిన విలియం పెన్‌కు పెన్సిల్వేనియా ప్రాంతం దఖలు పడిన కొద్ది సంవత్సరాలకే, 1689లో, ఫిలడెల్ఫియాలో బడి తెరిచారు. 1799లో వెస్ట్‌టౌన్‌లో హాస్టలుతో సహా బడి పెట్టారు. రెండూ నేటికీ నడుస్తున్నాయి. తమ పిల్లలపై లోకపు పోకడలు పడకుండా కాపాడుతూ చదువు చెప్పాలన్న తపన వారిలో మొదటి నుంచీ ఉన్నమాట నిజమే కానీ, ఆ కాపుదల ఇంట్లోనే దొరుకుతుందని వారు అనుకోలేదు. కనుక మీ ముందున్న దారులు రెండే కావు. మీకు దగ్గరలో ఫ్రెండ్స్ స్కూలు ఉంటే ముగ్గురూ వెళ్లి ఒక పూట చూసి రండి. ఫీజులు బరువే అయినా, ఇలాంటి బడులు చాలావరకు ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం చేస్తాయి, అడగడానికి మొహమాటపడవద్దు.

ఇంటి చదువే ఖాయమనుకుంటే పెన్సిల్వేనియా చట్టం గురించి మీరే స్వయంగా తెలుసుకోండి, మీవారి మీద వదిలేయవద్దు. 1988 నాటి చట్టం ప్రకారం నోటరీ చేయించిన అఫిడవిట్‌ను గానీ, దాని బదులు నోటరీ అక్కరలేని ధ్రువీకరణ పత్రాన్ని గానీ స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంటుకు ఇవ్వాలి, తర్వాత ఏటా ఆగస్టు 1 లోపల మళ్లీ ఇవ్వాలి. మీ బాబుకు ఆరేళ్లు నిండాయి గనుక అతనికీ ఇది వర్తిస్తుంది. ఏడాదికి 180 రోజులు, లేదా ప్రాథమిక స్థాయిలో 900 గంటలు చదువు సాగాలి. పిల్లల రాతపనితో, చదివిన పుస్తకాల జాబితాతో ఒక పోర్ట్‌ఫోలియో ఉంచాలి. అర్హత ఉన్న ఎవాల్యుయేటర్ దాన్ని చూసి, పిల్లలతో మాట్లాడి, చదువు తగినట్టు సాగిందని జూన్ 30 లోపల ధ్రువీకరించాలి. మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో ప్రామాణిక పరీక్షలు రాయించాలి, అంటే మీ పాపకు అది వచ్చే ఏడాదే. మరో విషయంలో చాలామంది పొరబడతారు. సైబర్ చార్టర్ స్కూలులో చేర్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం చట్టం దృష్టిలో ఇంటి చదువు కాదు; అది ఫీజు లేని ప్రభుత్వ బడి, దాని వేళలు, హాజరు దానివే. ఆన్‌లైన్ అనగానే రెండింటినీ ఒక గాటన కట్టకుండా, మీవారి మనసులో ఉన్నది ఏదో అడిగి తేల్చుకోండి.

ఈ కాగితాలకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మాట: ‘అలా చేస్తే నేను ఉద్యోగం మానుకోవాలి.’ ఎవరు అనుకున్నారమ్మా అలాగని? కొన్నేళ్ల కిందట ఇంటి చదువు మొదలుపెట్టిన ఒక తెలుగు తల్లి నాతో మాట్లాడేవారు. ఒకరోజు వీడియో కాల్‌లో ఆమె వెనక వంటింటి బల్ల కనిపించింది. ఒక చివర భిన్నాల లెక్కల కాగితాలు, వాటి మీద చల్లారి మీగడ కట్టిన కాఫీ కప్పు, పక్కన తలవంచుకుని పెన్సిల్ చెక్కుతూనే ఉన్న పిల్లవాడు. పెన్సిల్ అరిగిపోతోంది కానీ లెక్క మొదలవలేదు. పిల్లవాడికి లెక్కలు రాక కాదు, వెనక నిలబడ్డ అమ్మ మొహంలో అలసట చూసి వాడు భయపడుతున్నాడని నాకు అనిపించింది. టీచరు కోప్పడితే పిల్లలు ఇంటికి పరుగెత్తుకు వస్తారు. అమ్మే టీచరై కోప్పడితే పరుగెత్తడానికి వాళ్లకు చోటుండదు. క్వేకర్లు గట్టిగా పట్టుకునే విలువల్లో సమానత్వం ఒకటి, నిజాయితీ ఒకటి. ఆ రెండింటి పేరు చెప్పి మీవారితో మాట్లాడండి: ఆలోచన ఆయనది అయినప్పుడు, వారంలో ఏ రోజులు ఆయన పనివేళలు తగ్గించుకుని పాఠాలు చెబుతారు, మిగతా రెండు కుటుంబాలు ఏ పాఠాలు మోస్తాయి, మీరు మీ ఉద్యోగంలో ఎన్ని రోజులు ఉంటారు. ఇవి కాగితం మీద రాసుకునే వరకు రాజీనామా ఆలోచన చేయకండి. పరాయి దేశంలో స్త్రీకి సొంత సంపాదన ఎంత అండో మీకు నేను చెప్పనక్కరలేదు.

మీవారి సంప్రదాయంలోనే ఇలాంటి సందిగ్ధానికి ఒక చక్కని పద్ధతి ఉంది, దాన్ని వాడుకొమ్మని నా సలహా. క్లియర్‌నెస్ కమిటీ అంటారు. పెద్ద నిర్ణయం ముందున్నవారు మీటింగులో నమ్మకమున్న నలుగురైదుగురిని కూర్చోమని అడుగుతారు. వచ్చినవారు సలహా ఇవ్వకూడదు, తమ కథలు చెప్పకూడదు. జవాబు తమకు ముందే తెలియని ప్రశ్నలు మాత్రం అడగాలి, మధ్యమధ్య మౌనంగా ఉండాలి. సలహాలు చెప్పడమే పనిగా పెట్టుకున్న నాకు ఈ పద్ధతి మీద ఎంతో గౌరవం. మీ ఇద్దరి కోసం అలాంటిది ఒకటి ఏర్పాటు చేయమని మీరే అడగండి, ఆ రెండు కుటుంబాలవారు మాత్రం అందులో ఉండకూడదు. మీరు వారి మతంలో చేరనక్కరలేదు, మీ పూజలు మీరు చేసుకుంటూనే అక్కడ కూర్చోవచ్చు.

పాపతో కూడా అదే తీరున మాట్లాడండి. బడి లేని శనివారం, ఎదురెదురుగా కాక పక్కపక్కన ఉండే పని ఏదైనా పెట్టుకుని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, బట్టలు మడతపెడుతూనో, ‘బడిలో ఏ గంట అన్నిటికన్నా పొడుగ్గా అనిపిస్తుంది?’ అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. ‘ఎందుకు’ అని వెంటపడవద్దు. ఆ రోజు చెప్పకపోతే మరో శనివారం చెబుతుంది. చివరకు ఇంటి చదువే మేలని తేలితే, ఒక్క ఏడాదికే ఒప్పుకోండి, ఆ ఏడాది చివర పాపను అడిగి మళ్లీ నిర్ణయించుకోండి.

నాన్నగారి విషయం చివరికి మిగిల్చాను. జీవితమంతా బడి నడిపిన మనిషికి, మనవరాలు బడి మానుతుందన్న మాట తన బతుకును కాదన్నట్టు వినిపించి ఉంటుంది. 1937లో వార్ధా నుంచి గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం (చేతిపనితో కలిపి చదువు చెప్పే పద్ధతి) గురించి హెడ్మాస్టరుగా ఆయన చదివే ఉంటారు. ఆ విద్యా ప్రయత్నంలో సేవాగ్రాంలో పనిచేసిన మార్జరీ సైక్స్, 1928లో మద్రాసు బాలికల పాఠశాలలో పాఠాలు చెప్పడానికి వచ్చిన ఇంగ్లీషు యువతి, తర్వాత క్వేకర్ అయ్యారు. అల్లుడి వాళ్లది మన గడ్డకు తెలియని దారేమీ కాదని ఈ ఒక్క ముచ్చటతో ఆయనకు చెప్పవచ్చు. ఆ తర్వాత ఆయనను సాయం అడగండి. పాప బడిలో ఉన్నా, ఇంట్లో ఉన్నా, వారానికి రెండు రోజులు వీడియోలో తెలుగు చదవడం నేర్పమనండి, లెక్కలు ఇష్టమైతే లెక్కలు చెప్పమనండి. వేసవిలో మీకు ఉదయం తొమ్మిదైతే తెనాలిలో సాయంత్రం ఆరున్నర. ఆ వేళకు ఆయన అరుగు మీద ఖాళీగానే కూర్చుని ఉంటారు.