నడకకు వెళ్ళిన నాన్నగారిని పోలీసులు ఆపారు. ఆయన మళ్ళీ గడప దాటడం లేదు

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఒక నగర శివారులో ఉంటున్నాం. ఆరు నెలలు మా దగ్గర గడపడానికి వచ్చిన మా నాన్నగారు (68 ఏళ్ళు) రోజూ ఉదయం మా కాలనీలోనే నడిచేవారు. మూడు వారాల క్రితం ఎవరో పోలీసులకు ఫోన్ చేసి, తెలియని మనిషి ఇళ్ళ వైపు చూసుకుంటూ తిరుగుతున్నాడని చెప్పారట. ఇద్దరు అధికారులు ఆయనను ఆపి ఇరవై నిమిషాలు ప్రశ్నించారు. ఆయన దగ్గర ఫోన్ లేదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. చివరికి నా నంబరు నోటితో చెబితే నాకు ఫోన్ చేసి, వదిలేశారు. ఆ రోజు నుంచి ఆయన బయటికి రావడం లేదు. నడకకు వేసుకునే బూట్లు కడిగి సూట్‌కేసులో పెట్టేశారు. తిరుగు టికెట్ ముందుకు జరపమంటున్నారు. ఫిర్యాదు చేద్దామని నేనంటే, వీసా మీద బతికేవాళ్ళం, మనకెందుకు గొడవ అని నా భార్య అంటోంది. ఆ రోజు కంగారులో నేను కూడా ‘చేతులు జేబులో ఎందుకు పెట్టుకున్నారు, వాళ్ళ ఇళ్ళ వైపు ఎందుకు చూశారు, ఫోన్ ఎందుకు తీసుకెళ్ళలేదు’ అని ఆయన మీద అరిచాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం పోలీసుల గురించి, ఫిర్యాదు గురించి ఉంది. చివర్లో, చెప్పీ చెప్పనట్టు రాసిన ఆ మూడు ప్రశ్నల దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ ఉదయం మీ నాన్నగారిని రెండుసార్లు ప్రశ్నించారు. మొదటిసారి వీధిలో ఎవరో పరాయివాళ్ళు అడిగారు, రెండోసారి ఇంట్లో కొడుకు అడిగాడు. మొదటిదాన్ని ఆయన ఏదో ఒక విధంగా దిగమింగుకోగలరు, ఎందుకంటే వాళ్ళకు ఆయనెవరో తెలియదు. మీకు తెలుసు. మీరు కూడా తప్పు ఆయనలోనే వెతికారన్న సంగతి ఆయనను ఎక్కువగా కుంగదీసి ఉంటుందని నా అనుమానం. మీరు భయంతో అరిచారని నాకు అర్థమైంది, ఆయనకూ ఎప్పటికో అర్థమవుతుంది. కానీ దాన్ని మీ నోటితో మీరే చెప్పాలి.

ఒక పూట పిల్లలు, ఫోన్లు అడ్డం లేని సమయం చూసుకుని ఆయన పక్కన కూర్చోండి. ‘నాన్నా, ఆ రోజు నేను భయపడి మీ మీద అరిచాను, మీ తప్పేమీ లేదు’ అని మాత్రం చెప్పి ఆగండి. దాని వెంట ‘కానీ’ అనే మాట రానివ్వకండి. తర్వాత ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమని అడగండి. ఆయన చెబుతున్నప్పుడు మధ్యలో సరిదిద్దవద్దు, సలహా ఇవ్వవద్దు. మన పెద్దలు చాలామంది అవమానాన్ని అవమానం అని చెప్పరు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయంటారు, చలిగా ఉందంటారు, ఊరికి వెళ్ళిపోతానంటారు. మీ నాన్నగారు బూట్లను కడిగి మరీ లోపల పెట్టడంలో ఆ వీధిని తన ఒంటి మీద నుంచి తుడిచేసుకోవాలన్న ప్రయత్నం నాకు కనిపిస్తోంది.

ఆయన చెప్పడం పూర్తయ్యాక, ఆ నంబరు సంగతి తప్పకుండా ఎత్తండి. ఇద్దరు ఆయుధధారులు ఎదురుగా నిలబడి, సరిగ్గా అర్థం కాని భాషలో అడుగుతుంటే, కొత్త దేశపు ఫోన్ నంబరులోని పది అంకెలను తడబడకుండా చెప్పిన మనిషి ఆయన. తాను నిస్సహాయంగా నిలబడిపోయానని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. ఆ రోజు ఆయనను ఇంటికి చేర్చింది ఆయన జ్ఞాపకశక్తే.

‘ఏం కాదులే నాన్నా, ఇక్కడ ఇవన్నీ మామూలే’ అని దయచేసి అనకండి. ఆయన భయం ఉత్తది కాదు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని మాడిసన్‌లో, మనవడిని చూసుకోవడానికి కొడుకు ఇంటికి వచ్చిన 57 ఏళ్ళ భారతీయుడు ఇలాగే నడకకు వెళ్ళారు. ఇలాగే ఎవరో ఫోన్ చేశారు. ఇంగ్లీషు రాని ఆయనను ఒక అధికారి నేలకేసి పడవేయడంతో వెన్నుకు దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ చాలావరకు పడిపోయాయి. ఆ అధికారిపై పెట్టిన కేసులో రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోగా, 2016లో న్యాయమూర్తి అతన్ని నిర్దోషిగా వదిలేశారు. బాధితుడు వేసిన దావా మాత్రం 2021లో 17.5 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది. ఈ కథ మీ నాన్నగారికి చెప్పమని నేను అనడం లేదు. ఆయన భయాన్ని మీరు చిన్నబుచ్చకుండా ఉండటానికే మీకు చెబుతున్నాను.

ఇక చట్టం సంగతి. అమెరికాలో పోలీసులు ఎవరినైనా పలకరించి మాట్లాడవచ్చు. అలాంటప్పుడు జవాబు చెప్పకుండా వెళ్ళిపోయే స్వేచ్ఛ ఆ మనిషికి ఉంటుంది. కదలకుండా ఆపాలంటే మాత్రం నేరానికి సంబంధించి చెప్పదగిన, ఆధారం ఉన్న అనుమానం ఉండాలని సుప్రీంకోర్టు 1968లో టెర్రీ కేసులో చెప్పింది. అలాంటి అనుమానం ఏదీ లేకుండా ఆపి, పేరూ వివరాలూ చెప్పి తీరాలనడం చెల్లదని 1979లో తీర్పు వచ్చిన బ్రౌన్ కేసు మీ టెక్సస్‌దే. అయినా వీధిలో నిలబడి ఈ తీర్పులు అప్పజెప్పడం మీ నాన్నగారి పని కాదు. ఆపినప్పుడు చేతులు కనిపించేలా ఉంచుకుని నిలబడటం, పరుగెత్తకపోవడం, జేబులో చెయ్యి పెట్టేముందు చెప్పి పెట్టడం, పేరు చెబితే అసలు పేరే చెప్పడం ఆయనకు చాలు. టెక్సస్‌లో ఆపి ఉంచిన అధికారికి కావాలని తప్పుడు పేరు చెప్పడం నేరం కాబట్టి, ఇంటి పేరు ముందా వెనకా అన్న గందరగోళం లేకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే చెప్పడం అలవాటు చేయించండి. ఇంకొక విషయం చాలా కుటుంబాలకు తెలియదు: సందర్శకులుగా వచ్చినవాళ్ళు, 18 ఏళ్ళు నిండినవారైతే, తమ నమోదు పత్రాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. సందర్శకులకు ఆ నమోదు పత్రంగా లెక్కకు వచ్చేది ఐ-94, అంటే దేశంలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు. దాని ప్రింటును, పాస్‌పోర్టు జిరాక్సును ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వండి.

ఆ కవరులోనే అరచేతిలో పట్టే ఒక అట్టముక్క ఉంచండి. దాని మీద పెద్ద అక్షరాలలో, ఇంగ్లీషులో, ఆయన పేరు, తాను తెలుగు మాట్లాడతానన్న మాట, కొడుకు ఇంట్లో ఉంటున్నానన్న మాట, ఇంటి చిరునామా, మీ ఇద్దరి నంబర్లు రాయండి. అది ఆయనతో కలిసి రాయండి, ఏ మాట ముందు ఉండాలో ఆయననే నిర్ణయించనివ్వండి. మీరు తయారు చేసి చేతిలో పెడితే అది తప్పిపోతాడేమోనని పిల్లవాడి జేబులో పెట్టే చీటీలాగా ఉంటుంది. ఇప్పటికే చిన్నబోయి ఉన్న మనిషికి అది మరో దెబ్బ.

మీ భార్యాభర్తల మధ్య ఉన్న తగువుకు ఒక దారి ఉందనుకుంటున్నాను. జరిగినదాని వివరాలు అడగడం వేరు, ఫిర్యాదు చేయడం వేరు. అధికారి ఒంటి మీద కెమెరా ఉండి ఉంటే దాని వీడియోను, వచ్చిన ఫోన్ కాల్ రికార్డును మీ రాష్ట్ర సమాచార చట్టం కింద రాతపూర్వకంగా అడగవచ్చు. వీడియో కోసం తేదీ, సుమారు సమయం, స్థలం, అందులో ఉన్న ఒక మనిషి పేరు రాయాలి. టెక్సస్‌లో ఆ వీడియోలను కనీసం 90 రోజులు ఉంచాలి. అందులో మూడు వారాలు గడిచిపోయాయి. అందుకే ఈ వారమే అడగండి. అది చూశాక, వాళ్ళు మర్యాదగా మాట్లాడారో లేదో, నాన్నగారు ఏ మాటకు బెదిరారో తెలుస్తుంది. అప్పుడు ఫిర్యాదు చేయాలనిపిస్తే, దాన్ని రాసి సంతకం చేసి ఇవ్వాలి. జరిగింది ఆయనకు కాబట్టి, ఆ సంతకం ఆయన ఇష్టపడి పెట్టాలి. మీ కోపం తీర్చుకోవడానికి ఆయన చేత పెట్టించకండి.

మీ భార్యది పిరికితనం కాదు. వీసా మీద బతికే ఇంట్లో ఆ లెక్కలు ఎవరో ఒకరు వేయాలి, మీ ఇంట్లో ఆవిడ వేస్తున్నారు. ఆవిడకు రెండు విషయాలు నెమ్మదిగా చెప్పండి. ఆపి ప్రశ్నించి పంపించడం అరెస్టు కాదు. సందర్శక వీసా దరఖాస్తులో అడిగేది అరెస్టు గురించి, శిక్ష గురించి. పోలీసుల తీరు మీద ఫిర్యాదు చేసే హక్కు కూడా ఈ దేశ పౌరులకే పరిమితమైనది కాదు. అయినా ఆవిడ మనసు కుదుటపడకపోతే ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడించండి. ఆ ఖర్చుకు వెనకాడవద్దు.

ఫోన్ చేసింది ఎవరో కనిపెట్టాలని మాత్రం తిరగకండి. దానికి బదులు ఒక సాయంత్రం నాన్నగారితో కలిసి చుట్టుపక్కల నాలుగైదు ఇళ్ళకు వెళ్ళి, ‘మా నాన్నగారు, రోజూ ఉదయం నడుస్తారు’ అని పరిచయం చేయండి. ఆయన ఒప్పుకుంటేనే వెళ్ళండి. తన నడకకు అనుమతి అడుగుతున్నట్టు అనిపిస్తుందని ఆయన అంటే, ఆయన మాటే సరి.

నడక మళ్ళీ మొదలైతే మొదటి వారం పది రోజులు మీరు వెంట వెళ్ళండి, ఉద్యోగానికి కొంచెం ఆలస్యమైనా సరే. ఆయనను ఆపిన చోటును తప్పించి వేరే దారి పట్టవద్దు. అక్కడికి వచ్చాక ఆయన నడక వేగం పెరిగితే మీరూ పెంచండి, ఆగితే మీరూ ఆగండి. ఇంత చేశాక కూడా వెళ్ళిపోతానంటే టికెట్ ముందుకు జరపండి, అది మీ ఓటమి అనుకోవద్దు. నెల దాటాక కూడా నిద్ర పట్టకపోతున్నా, కారు చప్పుడుకు ఉలిక్కిపడుతున్నా, తెలుగు మాట్లాడే వైద్యుడికో సైకాలజిస్టుకో వీడియోలోనైనా చూపించండి.

ఆ బూట్లు మాత్రం మీరు తీసి గుమ్మం దగ్గర పెట్టకండి. సూట్‌కేసు తాళం చెవి ఆయన దగ్గరే ఉండనివ్వండి.