టోపీని వెల్లకిలా తిప్పి చూడు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య దీవించి రాసేది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మూడు టోపీలనూ పైనుంచి చక్కగా తీశావు. నల్లగా మెరుస్తున్నాయి, అంచులు తీరుగా ఉన్నాయి. కానీ ఒక్కదానికీ లోపలి ఫొటో లేదు. పాత గుర్రపు స్వారీ టోపీలు సేకరించాలని ఉంది, వీటిలో ఏది కొనమంటావు అని అడిగావు. లోపల చూడకుండా నేనేమీ చెప్పలేను నాన్నా. ముప్ఫై ఏళ్లుగా వీటిని పోగేస్తున్నాను. ఇప్పటికీ టోపీ చేతికి రాగానే నేను చేసే మొదటి పని దాన్ని వెల్లకిలా తిప్పడమే.

లోపలి అస్తరు మీద సాధారణంగా కంపెనీ ముద్ర, ఊరు, వీధి పేరు ఉంటాయి. లండన్‌లో లాక్ అండ్ కో 1676 నుంచి, పేటీ 1799 నుంచి, హెర్బర్ట్ జాన్సన్ 1889 నుంచి ఉన్నాయి. క్రిస్టీస్ 1773లో మొదలైంది. ఇలాంటి పేరు కనబడగానే టోపీ కూడా అంత పాతదే అనుకుని చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. కంపెనీ వయసు వేరు, టోపీ వయసు వేరు. పైగా ఆ ముద్ర అమ్మిన కొట్టుదే కావచ్చు, తయారుచేసిన చోటు వేరే ఉండొచ్చు.

వయసు కట్టాలంటే పేరుకంటే దాని చుట్టూ ఉన్న చిన్న అక్షరాలు బాగా పనికొస్తాయి. లండన్ చిరునామాలో పోస్టల్ జిల్లాకు అంకె చేర్చింది 1917లో. ఉత్త ‘ఎస్.డబ్ల్యూ.’ (నైరుతి జిల్లా) అని ఉంటే అంతకుముందుది అయ్యే అవకాశం ఎక్కువ. ‘ఎస్.డబ్ల్యూ.1’ అని ఉంటే ఆ తర్వాతిదే. రాజకుటుంబానికి సరుకు ఇచ్చే కంపెనీలు వేసుకునే రాజముద్ర ఉంటే, కింద రాసిన మాట చదువు. ‘హర్ మెజెస్టీ’ అంటే చాలావరకు 1901కి ముందు విక్టోరియా కాలం, లేదంటే 1952 తర్వాత ఎలిజబెత్ కాలం. ‘హిజ్ మెజెస్టీ’ అంటే పాతవాటిలో ఎక్కువగా ఈ రెండింటి మధ్య కాలం. పాత అచ్చు దిమ్మలను కొన్నాళ్లు అలాగే వాడేసేవారు కాబట్టి ఒక్క గుర్తును నమ్ముకోకు, రెండు మూడు కలిసి రావాలి. అస్తరు మరీ కొత్తగా, కుట్టు మరీ తెల్లగా ఉంటే ఎవరో తర్వాత మార్చారని అర్థం. అప్పుడు ఆ ముద్ర సాక్ష్యంగా పనికిరాదు.

తోలు చెమట పట్టీని మెల్లగా వేలితో ఎత్తి దాని వెనక కూడా చూడు. టోపీ వదులైతే బిగుతు కోసం పాత పేపరును మడిచి అక్కడ దూర్చేవారు. కొత్తలో నాకు తెలియక, చెత్త అనుకుని అలాంటి పేపరు ముక్క తీసి పారేశాను. దాని మీద తేదీ ఉండే ఉంటుంది. ఆ టోపీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది, దాని కాలం మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు. అందుకే పేపరు, పేరు రాసిన చీటీ, యజమాని పేరు తాలూకు బంగారు రంగు పొడి అక్షరాలు, ఏది కనిపించినా ఉన్నచోటే ఉంచు, ఫొటో తీసుకో.

ఇక రకాల సంగతి. బౌలర్ టోపీతో, అంటే పైభాగం గుండ్రంగా ఉండే గట్టి టోపీతో మొదలుపెట్టమంటాను. 1849లో ఎడ్వర్డ్ కోక్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి దీన్ని లాక్ వాళ్ల దగ్గర చేయించాడు. గుర్రాల మీద తిరిగే తన ఎస్టేటు కాపలావాళ్లకు చెట్టుకొమ్మలు తగిలి పొడుగు టోపీలు ఊడిపోతుండేవట. తయారైన టోపీని నేల మీద పెట్టి కాలితో తొక్కి, అణగలేదని చూశాకే 12 షిల్లింగులు ఇచ్చి తీసుకున్నాడని చెబుతారు. తయారుచేసి ఇచ్చింది లండన్ సదర్క్‌లోని బౌలర్ అన్నదమ్ములు, పేరు వాళ్లదే నిలిచింది. లాక్ వాళ్లు మాత్రం ఈరోజుకీ దాన్ని ‘కోక్’ అనే అంటారు. ఉన్ని, బొచ్చు ఫెల్టుకు, అంటే నేయకుండా ఒత్తి చేసిన బట్టకు, లక్క పట్టించి గట్టిపరిచిన టోపీ ఇది. బాగా దొరుకుతుంది, చేయి తిరగడానికి మంచిది.

గుర్రాల మీద వేటకు వెళ్లేవాళ్ల మఖమల్ టోపీకి వెనక చిన్న రిబ్బను ముడి ఉంటుంది. దాని కొసలు కిందికి వేలాడితే అది వేట నడిపే సిబ్బందిది, పైకి మడిచి కుడితే మిగతా రౌతులది. ఇది పాత ఆనవాయితీ. కానీ దారం విప్పి తిప్పేయడం ఎంతసేపు? కుట్టు పాతదో కాదో చూశాకే అమ్మేవాళ్ల కథ నమ్ము. లోపల ‘బీఎస్ 6473’ అనే చీటీ కనిపిస్తే అది 1984లో వచ్చిన బ్రిటిష్ భద్రతా ప్రమాణం. దాన్ని వందేళ్ల టోపీ అని అమ్మితే వెంటనే వదిలేయ్.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సిల్క్ టాప్ హ్యాట్, అంటే పట్టు కప్పిన పొడుగు టోపీ. పలచని బట్టను పొరలు పొరలుగా లక్కలో తడిపి డొక్క (లోపలి గట్టి ఆకారం) కట్టి, దాని మీద నూగున్న పట్టుబట్టను వేడి ఇస్త్రీతో అతికించేవారు. వేటకు వాడేవాటి డొక్క మామూలు వాటికంటే దళసరిగా ఉంటుంది. ఆడవాళ్లు ఒకవైపు కూర్చుని స్వారీ చేసేటప్పుడు పెట్టుకున్నవి ఇంకా చిన్నవి, ఎత్తు తక్కువ. వాటికి జుట్టుముడి కిందికి వెళ్లే ఎలాస్టిక్, మేలిముసుగు ఉండేవి. ముసుగు దొరికితే జాగ్రత్త, టోపీ మిగులుతుంది గానీ ముసుగు చాలా అరుదుగా మిగులుతుంది.

ఆ పట్టుబట్ట నేత ఆగిపోయి దశాబ్దాలయింది. అందుకే పెళ్లిళ్లకు, గుర్రప్పందేలకు పెట్టుకునేవాళ్లు పాతవాటి కోసమే పోటీ పడతారు. వాళ్లకు పెద్ద సైజులు కావాలి, పాతవి ఎక్కువగా చిన్నవి. 59 సెంటీమీటర్లు దాటితే ధర ఆకాశంలో ఉంటుంది. నువ్వు పెట్టుకోవడానికి కాదు కదా కొనేది! 54, 55 సైజుల్లో అద్భుతమైనవి తక్కువకే వస్తాయి, వాటిని తీసుకో. సైజు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. బ్రిటిష్ 7 అంటే 57 సెంటీమీటర్లు, అదే కొలత అమెరికాలో 7 1/8.

సిల్క్ అని చెప్పి ఫెల్టు టోపీని నాకు ఒకాయన అంటగట్టాడు. ఫొటోలో రెండూ ఒకేలా మెరుస్తాయి. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే పట్టు నూగు మీద మెరుపు నీళ్లలా కదులుతుంది. అందుకే కుదిరితే వీడియో అడుగు. డ్రెస్సాజ్ (గుర్రాన్ని తీరుగా నడిపించి చూపే) పోటీల కోసం ఈమధ్య దాకా చేసిన టాప్ హ్యాట్లు కూడా పాతవాటి పేరుతో తిరుగుతున్నాయి. 2021 జనవరి 1 నుంచి అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య పోటీల్లో హెల్మెట్ తప్పనిసరి చేసింది, టాప్ హ్యాట్లకు అక్కడ చోటు లేదు.

ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నువ్వు స్వారీ చేస్తావని నాకు తెలుసు. ఫొటో కోసమైనా సరే, ఈ టోపీలతో గుర్రం ఎక్కకు. 2010లో అమెరికా ఒలింపిక్ రౌతు కోర్ట్నీ కింగ్-డై సాధన చేస్తుండగా గుర్రం తూలి పడింది. తల మీద హెల్మెట్ లేదు. పుర్రె చిట్లి వారాల తరబడి కోమాలో ఉంది. అంత నేర్పున్న మనిషికే అలా అయింది. పాత మఖమల్ టోపీ గట్టిగా ఉందని మోసపోకు, దానికి గడ్డం పట్టీ ఉండదు, లోపల దెబ్బను పీల్చుకునేదేమీ ఉండదు.

ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. పాతకాలంలో బొచ్చును ఫెల్టుగా మార్చడానికి పాదరసపు ద్రావణం వాడేవారు. అమెరికాలో 1941 డిసెంబరుతో ఆ పద్ధతి ఆగింది. ఆ కాలపు ఫెల్టులో పాదరసం ఇంకా మిగిలి ఉండొచ్చు. చేతికి తొడుగులు వేసుకో, పని అయ్యాక చేతులు కడుక్కో, పిల్లల తల మీద సరదాకి కూడా పెట్టకు.

ఇంటికి వచ్చిన కొత్త టోపీని నేరుగా మిగతావాటి పక్కన పెట్టొద్దు. తెల్లకాగితం పరిచి, మూసిన సంచిలో నెలరోజులు విడిగా ఉంచు. కాగితం మీద ఇసుకలాంటి రేణువులు రాలితే బట్టలు తినే చిమ్మట ఉన్నట్టే. కొందరు ఫ్రీజర్‌లో పెడతారు. లక్క దట్టంగా ఉన్నవాటిని నేను పెట్టను, పెళుసైపోతాయని భయం. లక్కకు వేడీ పడదు, స్పిరిటూ పడదు. కిటికీ ఎండలో పెడితే డొక్క మెత్తబడుతుంది, నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది. మరక పడిందని స్పిరిట్‌తో అసలు తుడవకు. మెత్తటి బ్రష్‌తో నూగు వాటం చూసి తుడిస్తే చాలు. టాప్ హ్యాట్‌ను అంచుల మీద ఆనించి పెట్టకు, వంపు పోతుంది. యాసిడ్ లేని కాగితం ఉండలు లోపల పెట్టి, బరువు వాటి మీద పడేలా ఉంచు.

నీ ఫొటోల్లో రెండో టోపీ వెనక అంచు దగ్గర చిన్న కన్నం కనిపిస్తోంది. టోపీ ఎగిరిపోకుండా కోటు కాలరుకు తాడు కట్టుకునేవాళ్లు, దాని కోసం చేసిన రంధ్రమైతే చుట్టూ కుట్టో లోహపు వలయమో ఉంటుంది. గరుకుగా తినేసినట్టుంటే చిమ్మట కొట్టినదే. లోపలినుంచి దగ్గరగా తీసి పంపు, అప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో,
అత్తయ్య