తాతయ్య భుజం, కొట్టుకుపోయిన గేదె

ప్రశ్న: 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి నాకు రెండేళ్లు. తాతయ్య నన్ను భుజాన వేసుకుని డాబా మెట్లెక్కడం, కింద మా గేదె కొట్టుకుపోవడం కళ్లకు కట్టినట్టు గుర్తు. మొన్న అమ్మతో అంటే, "నువ్వెక్కడున్నావే? తమ్ముడి పురిటికని మనం గుడివాడలో ఉంటేనూ!" అంది. ఈసారి సంస్మరణ సభలో మాట్లాడమన్నారు. ఇన్నాళ్లూ అందరికీ అబద్ధం చెప్పానా అని ఒకటే టెన్షన్.
- ఒక పాఠకురాలు, అవనిగడ్డ

జవాబు: అబద్ధం ఎలా అవుతుందమ్మా? మీరు నమ్మిందే చెప్పారు. కాకపోతే రెండేళ్లప్పటి సంగతులు పెద్దయ్యాక గుర్తుండటం చాలా అరుదు. మూడు, మూడున్నర ఏళ్ల తర్వాతివే ఎక్కువమందికి మిగులుతాయి. ఒకటి గమనించండి. తాతయ్య భుజాన ఉన్న పాప మీకు కనబడుతోందా? కనబడితే, ఆ బొమ్మ పెద్దవాళ్ల మాటలు విని మీరు కట్టుకున్నదేమో. నిజం జ్ఞాపకాల్లోనూ ఒక్కోసారి మనకి మనం కనబడతాం కనుక, ఇదొక్కటే రుజువు కాదు.

అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1995లో 24 మందితో ఒక ప్రయోగం చేశారు. ఇంట్లోవాళ్లు చెప్పిన మూడు నిజం సంగతుల పక్కన, "చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావు" అని ఒక కల్పన చేర్చారు. దాదాపు నాలుగో వంతు మంది అది కొంతో గొప్పో గుర్తుందన్నారు. అది ఒక చిన్న కాగితం పని. మీరు పుట్టి పెరిగిన ఊళ్లో ఈ కథ ఎన్ని అరుగుల మీద విని ఉంటారు!

అలాగని అమ్మ మాటా వేదం కాదు, అదీ జ్ఞాపకమే. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే, ఆ వార్త ఎలా తెలిసిందో విద్యార్థుల చేత రాయించారు. రెండున్నరేళ్లు దాటాక అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. సొంత చేతిరాత చూపించినా అసలుది గుర్తుకు రాలేదు.

కాబట్టి తమ్ముడి పుట్టినతేదీ చూడండి. టెన్త్ సర్టిఫికెట్‌లోది మాత్రం వద్దు, అప్పట్లో బడిలో మాస్టారు నోటికొచ్చిన తేదీ వేసేవారు! జాతకం రాయించి ఉంటే అందులో తిథి ఉంటుంది. కార్తీకమో మార్గశిరమో అయితే అమ్మ మాటకే బలం. సభకి మాత్రం తప్పకుండా వెళ్లండి. "నేను చూశాను" అనకుండా "మా ఇంట్లో చెప్పేవారు" అని మొదలుపెట్టండి. తాతయ్య భుజాన నిజంగా ఎక్కిన పిల్ల ఎవరో, మీ పిన్ని కూతుళ్లని కూడా ఓసారి అడిగి చూడండి.