కొత్తిమీర విత్తనం గురించి అల్లుడికి

అల్లుడూ,

కట్ట కట్టకముందే కొత్తిమీర పూతెక్కిందని, విత్తనం మోసమని ఫోన్లో వాపోయావు. తిరుపతి అంగట్లో కొన్న ధనియాలు చల్లితే అంతే మరి. చారుపొడి కోసం పండించిన గింజ అది, తొందరగా పూసే రకమే ఎక్కువ. పైగా పాలమనేరులో మాకున్న చల్లదనం మీ చంద్రగిరిలో లేదు. మార్చి దాటితే అక్కడ ఏ రకమైనా పూతకు పరిగెత్తుతుంది.

ఈసారి రెండు సెంట్లలో నీ విత్తనం నువ్వే పండించుకో. కార్తీకం వానలు వెనకబట్టాక వేస్తే శివరాత్రికి అటూ ఇటూగా గింజ చేతికొస్తుంది. పండే గింజ మీద వాన పడితే నల్లబడుతుంది, అందుకే తుపాన్లు పోనిమ్మంటున్నా.

మిగతావాటికంటే ముందుగా మొగ్గేసిన మొక్కల్ని చూసి మురిసిపోవద్దు. వాటి గింజ దాచితే ఏటేటా ఇంకా తొందరగా పూసే పంటే వస్తుంది. మొగ్గ కనబడగానే పీకి కూరలో వేసెయ్యండి. పువ్వు విచ్చిందంటే తేనెటీగలు దాని పుప్పొడిని మడంతా పంచేస్తాయి. చివరిదాకా ఆకు మీదే నిలబడ్డ మొక్కలే నీకు కావాల్సింది. వాటి ఆకు ఊరికే గిల్లకూడదు. మా అక్క చారులోకని రోజూ గిల్లుతుంది, ఆమెకు గెనిమ పక్కన వేరే నాలుగు సాళ్ళు వేసిచ్చెయ్.

కోత దగ్గరే అందరూ తడబడేది. నడికొమ్మ గుత్తి ముందు పండుతుంది, పక్కకొమ్మలవి వెనక. అన్నీ ఎండాలని కూర్చుంటే మేలైన గింజ నేలపాలవుతుంది. పచ్చిగా కోస్తే ముడుచుకుపోయి సరిగా మొలవదు. ఒక గింజ నలిపి వాసన చూడు. పచ్చిదైతే నల్లి కంపు కొడుతుంది, పండితే మనకు తెలిసిన ధనియాల వాసనే. మూడొంతుల్లో రెండొంతులు లేత గోధుమరంగుకు తిరిగితే ఇక ఆగొద్దు. తెల్లారి మంచు ఆరకముందే కొయ్యాలి, ఎండెక్కితే కొడవలి తగలగానే రాలిపోతాయి.

నీడన ఆరబెట్టి, కర్రతో మెల్లగా కొట్టి, చాటతో చెరిగితే చాలు. ట్రాక్టరు ఎక్కించకు. ధనియంలో రెండు విత్తనాలుంటాయి కదా, దాన్ని బద్దలు చేసేది విత్తేముందే. దాచేటప్పుడు గుండుగా ఉండాలి.

విత్తే ముందు వంద బద్దలు తడి గోనెపట్టాలో చుట్టిపెట్టు. పది పన్నెండు రోజుల్లో డెబ్బై మొలిస్తే దిగులు లేదు. సగం కూడా రాకపోతే మిగిలింది పొడి కొట్టించుకుని, పాలమనేరు బస్సెక్కు. నా దగ్గరున్న విత్తనం ఇస్తా.

మీ మామ