నో నాటకం చిత్రంలో వెనకంతా ఖాళీగా ఎందుకుంది?

జపాన్ చిత్రకారుడు త్సుకియోకా కోగ్యో వేసిన చెక్క అచ్చు చిత్రం ఒకటి కొనాలనుకుంటున్నానని, అందులో మాస్కు పెట్టుకున్న నటుడు తప్ప వెనక ఏమీ లేదని, అది సగంలో ఆపేసిన బొమ్మా అని మీరు అడిగారు. కాదండీ, అది పూర్తయిన చిత్రమే. 'నో' అంటే మాస్కులు పెట్టుకుని ఆడే జపాన్ సంప్రదాయ నాటకం, దాని రంగస్థలమే అలా ఉంటుంది. వెనక చెక్క గోడ మీద ఒక పైన్ చెట్టు బొమ్మ, అంతే. 'అఒయి నో ఉయె' నాటకంలో జబ్బుపడిన అఒయి పాత్రకు నటుడే ఉండడు. వేదిక ముందు పరిచిన ఒక కిమోనోనే ఆమె అనుకోవాలి.

టోక్యోలో ఉద్యోగం చేసే రోజుల్లో నాకూ మీ సందేహమే వచ్చింది. జింబోచోలో పాత పుస్తకాల వీధిలో కోగ్యో వేసిన 'హగోరోమో' చిత్రం కొన్నాను. జాలరి చేతికి చిక్కిన తన ఈకల వస్త్రం కోసం దేవకన్య నాట్యం చేసే కథ అది. తర్వాత సెందగాయాలోని జాతీయ నో నాటకశాలలో అదే నాటకం చూశాను. నటుడు ముఖం కాస్త పైకెత్తితే మాస్కు మీద వెలుగు పడి నవ్వినట్టు ఉంది, కాస్త దించితే నీడ కమ్మి దిగులు పడినట్టు ఉంది. మొదటిదాన్ని 'తెరసు' అంటారు, అంటే వెలిగించడం; రెండోదాన్ని 'కుమొరసు', అంటే మబ్బు కమ్మించడం. కదలని చెక్కముక్కలో అంత దుఃఖం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఇంటికొచ్చి నా చిత్రాన్ని మళ్లీ చూస్తే, చిత్రకారుడు ఎంచుకున్నది ఆ తల వంపునేనని అర్థమైంది. వెనక కొండలూ మేఘాలూ గీసి ఉంటే నా చూపు అక్కడ నిలిచేది కాదు. మీరు కూడా ముందు ఆ వంపునే చూడండి.

కోగ్యో (1869–1927) ప్రసిద్ధ చిత్రకారుడు యోషితోషికి సవతి కొడుకు, శిష్యుడు. 1868 తర్వాత షోగున్లనే సైనిక పాలకుల పోషణ పోయి నో కళ చితికిపోయింది. అది మళ్లీ కోలుకుంటున్న కాలంలో, 1897 నుంచి 1902 వరకు, 'నోగకు జూయే' పేరుతో ఆయన 261 చిత్రాలు వెలువరించారు. ఒక్క కళారూపం మీద అంత శ్రద్ధ చూపిన చిత్రకారులంటే నాకు ఎంతో గౌరవం.

కొనే ముందు కాగితాన్ని ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూడండి. రంగు లేకుండా అద్దిన ఉబ్బెత్తు గీతలు, దుస్తుల మీద లోహపు పొడి మెరుపు అప్పుడే కనిపిస్తాయి, ఫోటోలో కనిపించవు. కొన్నాక ఎండ తగిలేచోట మాత్రం వేలాడదీయకండి. కిటికీకి ఎదురుగా పెట్టి నా చిత్రంలోని ఊదా రంగును నేను పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇంకా ఉంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం తన దగ్గరున్న కోగ్యో చిత్రాలను ఇంటర్నెట్‌లో ఉంచింది. మీకు చూపించిన దాని రంగులను వాటితో పోల్చుకుని చూశాకే డబ్బు కట్టండి.